మల్లసముద్రం అడుగు

నీరటి గురవయ్య తన బతుకులో సముద్రాన్ని చూడలేదు. కట్టంగూరుకు మూడు కోసుల దూరంలో, మూడు గుట్టల నడుమ కట్ట వేసి ఆపిన వాననీటికి ఏ కాలపు రాజో మల్లసముద్రమని పేరు పెట్టి పోయాడు. ఊరివాళ్ళకు అదే సముద్రం. "సముద్రం నిండింది", "సముద్రం ఎండింది", "మా బర్రె సముద్రంల పడ్డది" అనుకునేవాళ్ళు. ఆ సముద్రం అడుగు ఎరిగిన మనిషి మాత్రం ఊరు మొత్తానికి గురవయ్య ఒక్కడే.

నీరటి అంటే చెరువు నీళ్ళకు కావలివాడు. పొలాలకు నీళ్ళు కావలసినప్పుడు తూము తెరవాలి, చాలన్నప్పుడు మూయాలి. వానల్లో కట్ట వెంట తిరిగి ఊటలు వెతకాలి. తూము నోట్లో ఒండ్రు పట్టితే ఊపిరి బిగబట్టి మునిగి, చేత్తో తోడి పారేయాలి. మునిగిన ప్రతిసారీ ఒక పిడికెడు అడుగు మట్టి పైకి తేవాలి. ఇది గురవయ్యకు తండ్రి బాలస్వామి నేర్పిన పద్ధతి.

"ముందుగాల యేళ్లతోటి సూడు," అనేవాడు తండ్రి. "కండ్లకు తొందరెక్కువ."

అడుగున ఏముంటుంది, బురద తప్ప, అని అందరూ అనుకునేవాళ్ళు. గురవయ్య పిడికిట్లో అది ఒక పెద్ద ఊరు. మెత్తగా చల్లగా తగిలే పైపొరలో దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులు. గాలి చొరని బురదలో, దొరికిన కాస్త ఊపిరినీ ఒంట్లో దాచుకుంటాయి గనకే వాటికా నెత్తురు రంగు. వాటి నడుమ జొన్నగింజంత నత్తలు. ఇంకా లోతుకు వేళ్ళు పోతే, బురదలో నిలువునా గుచ్చుకుని, నోరు మాత్రం పైకి తెరిచి నీళ్ళు తాగే ఆల్చిప్పలు.

పెద్ద వాన పడి వాగు ఇసుక తెచ్చి పరిచిందంటే ఈ ఊరంతా ఒక్క పూటలో పాతరపడుతుంది. పదిహేను దినాలు తిరగక ముందే ఎర్ర పురుగులు వచ్చి చేరుతాయి. మూడు నాలుగు నెలలకు నత్తలు. ఆల్చిప్పలకు తొందర లేదు. వాటి పిల్లలు చేపల మొప్పలు పట్టుకుని కొత్త చోటికి వలస పోతాయన్న సంగతి గురవయ్యకు తెలియదు గానీ, చేపలు తిరిగిన చోట రెండో ఏటికి గోరంత ఆల్చిప్ప తగులుతుందని తెలుసు. అది అరచేతి అంత కావాలంటే ఐదారు వానలు చూడాలి. అందుకే ఒక చోట చెయ్యి పెట్టి, ఇక్కడి మన్ను చెదిరి ఎన్నేళ్ళయిందో అతను చెప్పగలిగేవాడు. ఏది చెదరగొట్టిందో కూడా.

"వాన తిన్న మట్టికి అంచు దొరకదు," అని నేర్పాడు బాలస్వామి. "ఎండ తిన్న మట్టికి నెర్రెలుంటయి, గవ్వి ఎటువడితే అటు పోతయి. మూలలుండేది మనిషి తిన్న మట్టికే."

1947 ఎండాకాలం. గురవయ్యకు నలభై దాటాయి. రెండు కాన్పులు దక్కకుండా పోయిన తర్వాత భార్య బాలనర్సమ్మ ఒక ఆడపిల్లను కన్నది. గట్టిపడాలని ఊరి దేవత ఈదమ్మ తల్లి పేరే పెట్టుకున్నారు. నెల నిండని ఆ పిల్ల నిద్రపోతుంటే గురవయ్య మాటిమాటికీ పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. ఊపిరి వేలికి తగిలిందాకా తన ఊపిరి వదిలేవాడు కాదు. నీళ్ళలో మునగడం అలవాటైన మనిషి గనక చాలాసేపు ఉండగలిగేవాడు.

ఆ రోజుల్లోనే ఒక పగటిపూట దొర గుమాస్తా రఘుపతి శిఖంలోకి, అంటే ఎండిన చెరువు నేలలోకి, గొడుగు వేసుకుని నడిచి వచ్చాడు.

"ఏమ్రా గురవయ్యా, బిడ్డ పుట్టిందట?"

"అవు దొరా. మీ దయ."

"ఏం పేరు వెట్టినవ్?"

"ఈదమ్మ, దొరా."

"బతుకుతదా?"

రఘుపతి జవాబు కోసం ఆగలేదు. తూముకు నలభై అడుగుల అవతల ఒక చోట నిలబడి మడమతో నేలను తట్టాడు.

"ఈడ ఒక గుంత తియ్యాలె. మన్ను పొలానికి పనికొస్తదో లేదో దొర సూస్తడట."

"ఎంత తియ్యాలె దొరా?"

రఘుపతి గొడుగు మూశాడు. నేల మీద పండబెట్టి, కొన దగ్గర మళ్ళీ ఒకసారి పండబెట్టాడు. "పొడుగు గింత. లోతు ఛాతి దాక. ఒక్కనివే తియ్యి. పొద్దుగూకేటాల్లకు ఇంటికి పో."

పొలానికి ఒండ్రు ఎత్తేవాళ్ళు వెడల్పుగా, మోకాలి లోతున గీకుతారు. ఇరుకుగా, లోతుగా ఎవరూ తవ్వరు. మొల లోతు దిగేసరికి గురవయ్యకు సంగతి తెలిసిపోయింది. తెలిసిన తర్వాత కూడా ఛాతీ లోతు దాకా తవ్వాడు. ఆ రెండు లోతుల నడుమ పార ఎందుకు ఆగలేదో ఆ తర్వాత ఎన్ని వందల సార్లు తనను తానే అడిగినా అతని దగ్గర ఒకటే జవాబు ఉండేది. "బతుకుతదా?" అని రఘుపతి అడిగిన ఆ మాట.

మర్నాడు పొద్దున వచ్చేసరికి గుంత పూడ్చి ఉంది. పైన ఎవరో తుమ్మకంప ఈడ్చి చదును చేశారు.

మూడు దినాలకు కురుమ యాదయ్య కనబడటం లేదని ఊళ్ళో పొక్కింది. అతని గొర్రెలు కట్ట మీద తిరుగుతూ దొరికాయి. యాదయ్యకు పాతికేళ్ళు. సంగపోడు, అంటే దొరలకు ఎదురుతిరిగిన సంఘం మనిషి. వెట్టి చెయ్యొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాడు. నిరుడు గురవయ్య గుడిసె ముందు గొంగడి పరుచుకుని కూర్చుని, "మామా, ఇగ దొర పిలిస్తే పోకు. నువ్వు పోకుంటే నీ యెనక పదిమంది పోరు," అన్నాడు. గురవయ్య అప్పుడు సరేనని తల ఊపాడు.

యాదయ్య దళంలో కలిసి అడివికి పోయాడని కొందరన్నారు. బెజవాడ దిక్కు దాటిండని ఇంకొందరన్నారు. అతని భార్య రామమ్మ అప్పటికి మూడో నెల గర్భిణి. ఆమె అందరి మాటా విన్నది, ఎవరి మాటా నమ్మలేదు. గాజులు తియ్యలేదు, బొట్టు చెరపలేదు.

ఒకనాడు తూము దగ్గరికే వచ్చింది.

"గురవయ్య మామా, నువ్వు పొద్దుమాపు శిఖంలనే ఉంటవు గద. గొర్లు ఈడ దొరికినయి. మనిషిని గిట్ల ఏమన్న సూసినవా?"

"లేదు బిడ్డా."

"ఎవలన్న వచ్చుడు పోవుడు?"

"నేను పొద్దుగూకేటాల్లకు ఇంటికి పోయిన."

ఆమె నమ్మింది. అది అతనికి దెబ్బ కొట్టినట్టయింది. అబద్ధం అందులో ఒక్క ముక్క లేదు మరి.

వానలు పడ్డాయి. సముద్రం నిండింది. తూము విప్పడానికి మొదటిసారి మునిగిన రోజున గురవయ్య పని ముగించి పైకి రాబోయాడు. కాళ్ళు పైకి తన్నలేదు. నీళ్ళ అడుగున నలభై అడుగులు ఈదుకుంటూ పోయి, చెయ్యి పెట్టాడు.

మొదట ఏమీ లేదు. మెత్తటి పిండిలాంటి, ప్రాణం లేని మన్ను. వేళ్ళు పక్కకు జరిపితే గట్టి నేల, దాంట్లో నాలుగేళ్ళ ఆల్చిప్పలు. ఇంకొంచెం జరిపితే మళ్ళీ మెత్తటి మన్ను. అలా తడుముకుంటూ పోతే ఒక మూల దొరికింది. తర్వాత రెండోది. పైకి వచ్చి కట్ట మీద కూర్చుని చేతులు ఇసుకతో తోముకున్నాడు.

ఇక పోవద్దనుకున్నాడు. కానీ తూము పని పడిన ప్రతిసారీ పోయాడు. పదిహేను దినాలకు అక్కడి మట్టి పిడికిట్లో కదిలింది. ఎర్ర పురుగులు. చుట్టుపక్కల ఎక్కడా లేనన్ని. మన్ను మెత్తగా ఉన్నందుకు వచ్చాయో, కింద ఉన్నదాన్ని పట్టి వచ్చాయో ఆలోచించకూడదని ఎంత అనుకుంటే అంత ఆలోచించాడు. దసరా దాటాక నత్తలు వచ్చాయి. వెచ్చటి అన్నం ముద్ద పిడికిట్లో పట్టుకుంటే కూడా అతని వేళ్ళు వెతకడం మొదలుపెట్టేవి. పిల్లను ఎత్తుకునే ముందు చెయ్యి మూడుసార్లు కడుక్కునేవాడు. సముద్రం చేపలు తినడం మానేశాడు.

"ఊరోళ్ళంత సముద్రం శాపలు తింటరు. నీరటోని ఇంట్ల మాత్రం పచ్చిపులుసు," అని బాలనర్సమ్మ దెప్పిపొడిచేది. "నీళ్లళ్ల దయ్యాన్ని గిట్ల సూసినవా ఏంది?"

"ఊకోరాదే."

"సూసినవంటే సెప్పు. నిమ్మకాయలన్న కట్టిస్త."

రఘుపతి ఎదురుపడినప్పుడల్లా "బిడ్డ మంచిగుందా?" అని అడుగుతూనే ఉన్నాడు. అంత ప్రేమగా ఆ పిల్లను గురించి అడిగే మనిషి ఊళ్ళో ఇంకొకడు లేడు.

మూలలు మెల్లమెల్లగా కరుగుతున్నాయి. ఎర్ర పురుగులు పలచబడి, నత్తలు పెరిగి, అవతలి మన్నూ ఇవతలి మన్నూ ఒకదానిలో ఒకటి కలుస్తున్నాయి. ఆల్చిప్పలు కూడా వచ్చి కుదురుకుంటే ఇక ఆ జాగా ఆనవాలు లోకంలో ఎక్కడా ఉండదు, తన చేతికి కూడా. అట్లా అయితే బాగుండునని ఒక రోజు అనుకునేవాడు. అట్లా కాకముందే రామమ్మకు చెప్పాలని ఇంకో రోజు అనుకునేవాడు. రామమ్మకు కొడుకు పుట్టాడు. తాత పేరు, సాయిలు, పెట్టుకుంది. చంకలో పిల్లవాడితో కట్ట మీద నడిచిపోతూ ఆమె అడిగే మాట నవ్వులాటగా మొదలై అలవాటుగా మారింది.

"ఏం మామా, మట్టి ఏమంటాంది?"

"ఏమంటది బిడ్డా. మట్టి."

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నాలుగైదు దినాల్లోనే నిజాం లొంగిపోయాడని తెలిసింది. చిట్యాల సడక్ మీద మిలిటరీ లారీలు పోతుంటే ఊరివాళ్ళు గుట్టెక్కి చూశారు. రజాకార్లు పోయారు. దొర పెళ్ళాం పిల్లలతో పట్నం పారిపోయాడు, రఘుపతి ఎటుపోయాడో ఎవరికీ తెలియలేదు. బాలనర్సమ్మ దొర గడి ముందు నుంచి మొదటిసారి కాళ్ళకు చెప్పులతో నడిచి వచ్చి, ఆ సంగతి మొగుడికి రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు చెప్పాలి, అనుకున్నాడు గురవయ్య. ఇక భయమేముంది? రేపు చెప్తా. ఎల్లుండి చెప్తా.

ఆ వారంలోనే ముసురు పట్టింది. ముసురు వాన కుండపోత అయింది. గుట్టల మీది నుంచి వాగులు ఇసుకను, రాళ్ళను, పెళ్ళగిలిన చెట్లను దొర్లించుకుంటూ వచ్చి సముద్రంలో పడ్డాయి. అలుగు మీద మనిషెత్తు నీళ్ళు దూకాయి. గురవయ్య మూడు దినాలు కట్ట దిగలేదు. ఊట కనబడిన చోటల్లా మన్ను, కంప వేసి తొక్కించాడు. కట్ట నిలిచింది.

నీళ్ళు తేరుకున్నాక మునిగి, నలభై అడుగులు పోయి చెయ్యి పెట్టాడు. ఇసుక. పక్కన చెయ్యి పెట్టాడు. ఇసుక. ఎంత దూరం తడిమినా ఒకే ఇసుక, ఒకే ఒండ్రు, ప్రాణం లేని ఒకే పొర. పదిహేను దినాలాగి మళ్ళీ పోయాడు. అంతటా ఎర్ర పురుగులు, ఒకే వయసువి. సముద్రం అడుగంతా ఒక్కనాడే పుట్టినట్టుంది. మూలలు లేవు.

గురవయ్య నీళ్ళ మీద వెల్లకిలా తేలుతూ చాలాసేపు ఆకాశం చూశాడు. గుండె మీది బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. తనకు హాయిగా ఉందని తెలిసిన ఆ క్షణంలోనే సిగ్గు కూడా వేసింది. హాయి మాత్రం పోలేదు. ఏడాదిగా ముట్టని చేపల పులుసును ఆ మాపు అడిగి తిన్నాడు.

రామమ్మ ఆసారి కట్ట మీద నిలబడి అడగలేదు. ఇంటికే వచ్చింది.

"అడివికి పోయినోళ్ళల్ల కొంతమంది వచ్చిండ్రు మామా. మా ఆయినె వాళ్ళ దళంల లేడట. ఏ దళంల లేడట. నీకేమన్న ఎర్కుంటే సెప్పు. నేను ఏడ్వ. ఎర్కైతే సాలు."

ఆమె వెనక నేల మీద ఈదమ్మా సాయిలూ ఒకే చింతగింజ కోసం కొట్లాడుకుంటున్నారు.

"ఏడున్నడో నాకెర్కలేదు బిడ్డా," అన్నాడు గురవయ్య. ఇప్పుడిది నిజమే కదా అనుకున్నాడు.

ఏడాది తిరక్కుండానే దొర కాంగ్రెస్ తెల్లటోపీ పెట్టుకుని, వెంట పోలీసులతో గడికి తిరిగొచ్చాడు. వారం తర్వాత రఘుపతి గొడుగు వేసుకుని కట్ట మీద నడిచాడు.

"ఏమ్రా గురవయ్యా. బిడ్డ నడుస్తాందా?"

ఆ పెద్దవాన తర్వాతి ఏడంతా ఆ గుట్టల మీద మబ్బు నిలవలేదు. వాగులు పారలేదు. 1950 ఎండాకాలానికి మల్లసముద్రం అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి, నెర్రెలు విచ్చి, ఒక్క మడుగై మిగిలింది. చెరువు ఎండితే చేపలు పట్టే రోజు చాటింపు వేయించడం ఊరి ఆచారం. ఆ రోజు ఊరు ఊరంతా చేపలు పట్టే వెదురు ఊతలు, గంపలు పట్టుకుని శిఖంలో దిగుతుంది. దొర వంతు ముందు తియ్యాలి. మిగిలింది ఎవరికి దొరికింది వాళ్ళది.

ఆ పొద్దు గురవయ్య ఆలస్యంగా వచ్చాడు. కట్ట ఎక్కి చూశాడు. చూసిన చోటే నిలబడిపోయాడు.

ఏ కరువులోనైనా ఆఖరి నీళ్ళు తూము ముందరే నిలుస్తాయి. లోతు అక్కడే. ఈసారి తూము ముందర నేల ఎండి పెంకులు లేచింది. మడుగు ఉన్నది నలభై అడుగుల అవతల.

అతనికి తెలియని విద్య కాదు. తవ్వి పూడ్చిన మన్ను పక్క నేలంత గట్టిపడదు. ఆ పెద్దవాన ఇసుక పరిచే ముందు ఆ వదులు మన్నునే లోపలికి కోసుకుపోయింది. మీద ఇసుక పడి చదునుగా కనబడింది గానీ, కింద అది కుంగుతూనే ఉంది. వాన మూలల్ని చెరిపింది, గుంతను చెరపలేదు. ఇంతకాలం హాయిగా తిన్న చేపలు ఈ గుంత మీదే తిరిగాయి.

సముద్రంలో ప్రాణమున్నదంతా ఆ మడుగుకే వచ్చి చేరింది. ఎండిన బురద మీద నలుదిక్కుల నుంచి సన్నటి గీతలు, సంతకు పోయిన బండి జాడల్లాగా, అన్నీ అక్కడికే పోయి ఆగాయి. ఆల్చిప్పలు నీటి చెమ్మ వెతుక్కుంటూ పాకిన దారులవి. మడుగు అంచున అవి ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని నిలబడ్డాయి. నత్తలు కుప్పలు పడ్డాయి. కొర్రమట్టలు, జెల్లలు, ఎండ్రికాయలు బురద కింద మసలుతున్నాయి. కొంగలు బారు కట్టి కూర్చున్నాయి. వాటి నడుమ జనం మోకాటి లోతు దిగి, అరుస్తూ, నవ్వుతూ, గంపలు నింపుకుంటున్నారు.

కట్ట మీద గొడుగు నీడన రఘుపతి కూర్చుని దొర వంతు గంపలు లెక్క చూసుకుంటున్నాడు. అతని పక్కన మూడేళ్ళ ఈదమ్మ కూర్చుని ఉంది. చేతిలో బెల్లం ముక్క. రఘుపతే ఇచ్చాడు.

"బాపూ!" అని పిల్ల చెయ్యి ఊపింది.

గురవయ్య పిల్ల వైపు రెండు అడుగులు వేశాడు. అప్పుడే మడుగులో నుంచి పిలుపు వచ్చింది.

"గురవయ్య మామా! జర దిగరాదు. నీ చెయ్యికి దొరికినన్ని మాకు దొరుకుతయా?"

రామమ్మ. చీర మోకాళ్ళ పైకి దోపి, మడుగు నడుమ నిలబడి ఉంది. నెత్తి మీద గంప సగం నిండింది. "పోరనికి దగ్గు తగ్గుతలేదు మామా. నత్తగుల్లల చారు తాపమని దవాఖానల ఆయమ్మ సెప్పింది. ఈడ అడుగున పెద్దయి తగుల్తానయి. జర చెయ్యి పెట్టి సూడు."

గురవయ్య కట్ట దిగాడు. ఎట్లా దిగాడో అతనికి తర్వాత గుర్తు లేదు. బురదలో పోయి, ఆమె నెత్తి మీది గంప రెండు చేతులా పట్టి బోర్లించాడు. నత్తలూ ఆల్చిప్పలూ నీళ్ళలో బుడబుడా మునిగాయి.

మడుగంతా ఒక్కసారి గోలయింది.

"ఏమైందిరా నీరటోనికి? ఎండ తల్కెక్కిందా?"

"సముద్రం నీ అయ్య జాగీరా?"

"తను తిననన్ని దినాలు తినలే. ఇప్పుడు ఊరినే తిననియ్యడట," అంది గోవిందమ్మ ఊత భుజాన వేసుకుని. జనం నవ్వారు.

రామమ్మ నవ్వలేదు. "ఏంది మామా గిది? పోరడు మూడు దినాల సంది మెతుకు ముట్టలే."

"ఈడివి వద్దు బిడ్డా. పోరనికి పెట్టకు."

"ఎందుకు?"

గురవయ్య కట్ట వైపు చూశాడు. గొడుగు పక్కకు ఒరిగింది. రఘుపతి ఇటే చూస్తున్నాడు. అతని చెయ్యి ఈదమ్మ తల మీద ఉంది, నిమురుతున్నట్టు. జనంలో బాలనర్సమ్మ ఎక్కడుందో గురవయ్యకు కనబడలేదు.

రామమ్మ గంప తీసుకుని మళ్ళీ వంగబోయింది. ఆమె చెయ్యి నీళ్ళలోకి పోతోంది.

"ఈడ గుంత ఉండె," అన్నాడు. "నేనే తీసిన."

ఆమె చెయ్యి ఆగింది.

"ఎప్పుడు?"

"ఈదమ్మ పుట్టిన నెల."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రామమ్మ నిలబడి లెక్కపెట్టుకుంటోందని అందరికీ తెలిసింది. లెక్క తేలడానికి ఎంతో సేపు పట్టలేదు.

"ఎవలి కోసమో నీకెర్కనా?"

"ముందుగాల ఎర్కలేదు. మొల లోతుకు ఎర్కైంది."

"ఎంత లోతు తీసినవ్?"

"ఛాతి దాక."

కట్ట మీది నుంచి రఘుపతి అరిచాడు. "గురవయ్యా! పిచ్చి లేసిందారా? మీదికి రా! నీ బిడ్డ ఏడుస్తాంది ఈడ!"

ఈదమ్మ ఏడవడం లేదు. బెల్లం నాకుతోంది. బాలనర్సమ్మ అప్పటికి పరుగున కట్ట ఎక్కింది. గొడుగు కిందికి దూరి, పిల్లను రెక్క పట్టి లాగి చంకనేసుకుంది. బెల్లం ముక్క కింద పడింది. ఇప్పుడు మాత్రం పిల్ల ఏడ్చింది. రఘుపతి లేచి జనం వైపు చూశాడు. జనం కూడా అతని వైపే చూస్తున్నారు, ఊతలు చేతుల్లో పట్టుకుని, కదలకుండా. అతను గొడుగు మూశాడు. దొర వంతు గంపలు అక్కడే వదిలి గడి తొవ్వ పట్టాడు.

మొదట గోవిందమ్మ తన గంప మడుగులోకి వంచింది. తర్వాత ఇంకొకరు. కొర్రమట్టలు బురదలో తోక కొట్టి మాయమయ్యాయి.

"తియ్యి," అంది రామమ్మ.

"పార తెస్త బిడ్డా."

"పార వద్దు. చెయ్యితోటి తియ్యి."

గురవయ్య మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి బురదలోకి దింపాడు. ముందు ఎర్ర పురుగులు వేళ్ళ సందుల్లో మెదిలాయి. తర్వాత నత్తలు. తర్వాత ఇసుక పొర. ఇసుక కింద నల్లటి, జిగట మన్ను. భుజం దాకా పోయింది చెయ్యి. చెంప నీళ్ళకు ఆనింది. ఆల్చిప్పల్ని ఒక్కొక్కటే పెకిలించి ఒడ్డుకు విసిరాడు. చాలాసేపు తీశాడు. జనం గంపలతో నీళ్ళు తోడి పోశారు. పొద్దు తలకాయ మీది నుంచి పడమటికి ఒరిగింది.

వేళ్ళకు ఉన్ని తగిలింది.

గాలి చొరని మన్నులో గొంగడి చీకిపోలేదు. కొస పట్టి పైకి తీసి, నీళ్ళలో జాడించి ఇచ్చాడు. రామమ్మ అంచు పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ పోయింది. ఒక చోట ఆగింది. అక్కడ నల్ల గొంగడికి ఎర్రదారంతో వేసిన అతుకు ఉంది. వంకర అతుకు. కుట్టు రాని చేతి పని.

"ఇది నేనే వేసిన," అంది, ఎవరికో చెబుతున్నట్టు. "నవ్విండు అప్పుడు."

ఆమె ఏడవలేదు. మడుగు అంచున కూర్చుని కాళ్ళ మెట్టెలు తనే తీసుకుంది. గాజులు రాయితో పగలగొట్టుకుంది. మిగతాదంతా కురుమ పెద్దలు దిగి పైకి తీశారు. గొంగడి పరిచి అందులోనే పెట్టారు. గురవయ్యను మాత్రం వాళ్ళు ఇక ముట్టనివ్వలేదు. అతను పక్కన నిలబడి, చేతులు ఏం చేసుకోవాలో తెలియక, బురద ఆరి పగుళ్ళు పడేదాకా అట్లాగే చాపి పట్టుకున్నాడు.

దొర మనుషులు పోలీసులతో వస్తారని అందరికీ తెలుసు. ఎవరి కోసం వస్తారో కూడా తెలుసు. "పొద్దుండంగనే పోరా," అన్నాడు కురుమ పెద్ద బుచ్చయ్య. ఆ గొంతులో జాలి లేదు. బాలనర్సమ్మకు కల్వకుర్తి దిక్కు తోబుట్టువులున్నారు. రెండు కుండలు, ఒక మూట, పిల్ల. అంతే సంసారం. గురవయ్య ఈదమ్మను భుజాన ఎత్తుకున్నాడు. చెయ్యి ఎన్నిసార్లు కడుక్కున్నాడో బాలనర్సమ్మ చూసింది, ఈసారి దెప్పిపొడవలేదు.

ఊరు దాటి అరకోసు పోయాక వెనక అడుగుల చప్పుడు వినబడింది. గురవయ్య పిల్లను ముందుకు, కడుపు మీదికి మార్చుకుని తిరిగి చూశాడు.

రామమ్మ. చంకలో సాయిలు దగ్గుతున్నాడు. ఆమె వెనక గోవిందమ్మ, ఇంకా ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. గొర్రెలు కాసే కట్టెలు కొందరి చేతుల్లో ఉన్నాయి.

అతను ఆగాడు. వాళ్ళూ ఆగారు, ఇరవై అడుగుల దూరంలో. "బిడ్డా," అన్నాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. అతను నడిచాడు. వాళ్ళూ నడిచారు.

గడి నుంచి వచ్చే బండిబాట కలిసే చోట ఇద్దరు మనుషులు కర్రలతో నిలబడి ఉన్నారు. దొర జీతగాళ్ళు. గురవయ్య ఆగాడు. వెనక నుంచి ఆడవాళ్ళు దగ్గరికి వచ్చారు, ఈసారి ఇరవై అడుగులు కాదు, వీపు తగిలేంత దగ్గరికి. గురవయ్య కుటుంబం వాళ్ళ నడుమ పడింది. అందరూ కలిసి ఆ ఇద్దరి ముందు నుంచి నడిచిపోయారు. కర్రలు లేవలేదు. ఈదమ్మ చెయ్యి చాపి రామమ్మ చంకలోని సాయిలు చొక్కా పట్టుకుంది. రామమ్మ ఆ చెయ్యి విడిపించలేదు. సాయిలు దగ్గుతూనే పిల్ల వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

చిట్యాల సడక్ కనబడే దాకా ఆమె వాళ్ళతో నడిచింది. సడక్ ఎక్కాక, పిల్ల పిడికిలిని ఒక్కో వేలూ తెరిచి, చొక్కా విడిపించుకుని, వెనక్కి తిరిగి పోయింది.

ఆమె వచ్చింది ఈదమ్మను కాయడానికో, తాను నిజంగా ఊరు విడిచిపోయాడో లేదో చూడటానికో గురవయ్యకు తెలియలేదు.